గీచి చూపవలసిన సమాధానము

భౌతికశాస్త్ర సూత్రములను కంఠస్థము చేసిన విద్యార్థియైనను, ఒక చలనమును రేఖాపటముగా గీచి చూపుమన్నప్పుడు తడబడుట కలదు. లెక్కకు జవాబు సరిగా వచ్చినంతమాత్రమున విషయము బోధపడినదని చెప్పజాలము. నేడు ఇంటర్నెట్టు ద్వారా ఇచ్చు ఇంటిపనిలో, విద్యార్థి కంప్యూటరు తెరపై తానే గీత గీచి పంపుటకు సాధనములు ఏర్పడినవి. వాని ప్రయోజనమును ఒక్క ఉదాహరణముతో విచారింతము.

ఒక బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి విసరితిమనుకొందము. గాలి నిరోధమును విడిచిపెట్టినచో, అది 2 సెకనులలో 19.6 మీటర్ల ఎత్తు చేరి, 4 సెకనులకు తిరిగి చేతిలో పడును. కాలమును అడ్డముగను, వేగమును నిలువుగను తీసికొని దీనికి గీత గీయవలెను. కొందరు కొండవలె లేచి దిగు వక్రరేఖను గీయుదురు. అది బంతి ఎత్తును తెలుపునే కాని వేగమును తెలుపదు. మరికొందరి గీత సున్న వరకు దిగి మరల పైకి లేచును. వారు గీచినది వడి. వేగమునకు దిశ కూడ కలదు. పై దిశను ధనముగా గ్రహించినచో, సరియైన సమాధానము ఒకే సరళరేఖ. అది 19.6 వద్ద మొదలై, 2వ సెకనున సున్నను దాటి, 4వ సెకనున ఋణ 19.6ను చేరును. శిఖరమున బంతి వేగము సున్నయైనను రేఖ వాలు మారదు. ఆ వాలే త్వరణము. భూమ్యాకర్షణకు అచ్చటను విశ్రాంతి లేదు!

నాలుగు జవాబులలో ఒకదానిని ఎన్నుకొను ప్రశ్నలో ఇట్టి పొరపాట్లు మరుగుపడవచ్చును. స్వయముగా గీచిన గీతలో అవి బయటపడును. కంప్యూటరు గీత ఆరంభమును, వాలును, అక్షమును దాటు చోటును పరీక్షించి, చేతివణకును కొంత మన్నించి, దోషమెచ్చటనో వెంటనే సూచింపగలదు. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ప్రారంభించిన ‘ఫెట్’ ప్రణాళికలో, తెరపై ఒక బొమ్మమనిషిని నడిపించినచో అతని స్థాన, వేగ, త్వరణ రేఖలు మన కన్నులయెదుటనే రూపొందును.

అయితే యంత్రము గీతను చూచును గాని, దాని వెనుకనున్న ఆలోచనను చూడదు. ఒప్పు గుర్తు వచ్చువరకు గీతను అటునిటు లాగు విద్యార్థి నేర్చునది స్వల్పము. కనుక ముందు కాగితముపై పెన్సిలుతో గీచి, కారణమును ఒక వాక్యములో వ్రాసి, ఆ పిమ్మట తెరను సమీపించుట మేలు. తలిదండ్రులకు శాస్త్రపరిచయము లేకున్నను ఒక్క ప్రశ్న వేయవచ్చును: “ఇచ్చట గీత ఎందులకు దిగినది, నాయనా?” పిల్లవాడు తన మాటలతో జవాబు చెప్పగలిగిననాడు ఆ పాఠము అతని సొంతమైనట్లే.