ఒక నాటకం, ఒక కేసు, మీ వ్యాసం



డిగ్రీ చదివేవారి కోసం పెట్టిన ఈ వ్యాసాల పోటీకి చట్టం, రాజకీయం, కళ అని మూడు విషయాలు ఇచ్చారు. కోలారు, హోసూరు, బరంపురం, షోలాపూరు పిల్లలు మీరంతా ఏది తేలిక అని చూస్తున్నారు. నా సలహా వేరు. ఆ మూడూ ఒకేచోట ఢీకొన్న ఒక్క సంఘటన పట్టుకోండి. "కళ సమాజానికి అద్దం" అని మొదలయ్యే వ్యాసాన్ని రెండో పేరా దాకా ఎవరూ చదవరు.

అద్దం అంటే గుర్తొచ్చింది. 1860లో దీనబంధు మిత్ర అనే తపాలా శాఖ ఉద్యోగి బెంగాలీలో 'నీల్ దర్పణ్' అనే నాటకం రాశాడు. నీలిమందు అద్దం అన్నమాట. తన పేరు వేసుకోలేదు, సర్కారు కొలువు మరి. అప్పట్లో బెంగాల్ రైతుకు తెల్లదొరలు ముందుగా కొంత సొమ్ము ఇచ్చి, వరి పండే నేలలో నీలిమందు వేయించేవారు. ఎంత పంట తోలినా బాకీ తీరేది కాదు. తండ్రి పోతే కొడుకు నెత్తికెక్కేది. ఎదురు చెప్పిన రైతును గోదాములో పెట్టి తాళం వేసేవారు. 1859లో రైతులు ఇక విత్తనం చల్లం అని తిరగబడ్డారు. నాటకంలో ఉన్నది ఆ బతుకే.

కలకత్తాలో మిషనరీగా ఉన్న రెవరెండ్ జేమ్స్ లాంగ్ ఆ నాటకాన్ని ఇంగ్లీషులోకి అనువదింపజేసి అచ్చు వేయించాడు. 1861లో దొరలు, పత్రికవాళ్లు ఆయన మీద పరువునష్టం కేసు పెట్టారు. పత్రికవాళ్లకెందుకు కోపం? ముందుమాటలో రచయిత ఒక పోలిక తెచ్చాడు. డబ్బాశతో దొరలను పొగిడే రెండు పత్రికలను, ముప్పై నాణేలకు యేసును అప్పగించిన యూదాతో పోల్చాడు. రాసినవాడు హిందువు! బైబిలు మాట ఎక్కడ తగిలించాలో అతనికి తెలుసు. పాస్టర్లం మేము కూడా నేర్చుకోదగ్గ విద్యే.

కోర్టు లాంగ్‌కు నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. జరిమానాను కాళీప్రసన్న సింహ అనే బెంగాలీ రచయిత కట్టాడు. జైలుకు మాత్రం లాంగే వెళ్లాడు. అనువాదకుడి పేరు ఆయన బయటపెట్టలేదు. అది మైఖేల్ మధుసూదన దత్తు అని తర్వాత చాలామంది అన్నారు.

మీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. కోర్టు తూచింది దొరల పరువును. రైతు ఆకలి ఆ కేసులో విచారణకే రాలేదు. అది జడ్జి లోపమా, చట్టం రాసిన తీరే అంతా? 1876లో నాటకాలను నిషేధించే అధికారం ఇస్తూ ఏకంగా ఒక చట్టమే తెచ్చారు. స్వతంత్రం వచ్చాక కూడా అది అలాగే ఉండి, 2018లో రద్దయింది. మన ప్రభుత్వాలు దాన్ని అన్నేళ్లు ఎందుకు అట్టిపెట్టుకున్నాయి?

బెంగాల్ దూరం అనుకుంటే మన ఇంట్లోనే ఒకటుంది. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అంటరానివాడి మొర శివుడి దగ్గరికి మోసుకెళ్లే గబ్బిలం కథ. దాన్ని 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా పక్కన పెట్టి చదవండి. అందులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను ఇప్పటికీ చేర్చలేదు.

తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదని మీలో కొందరు వెనకాడుతున్నారు. బడిలో నేర్పకపోతే మీరేం చేస్తారు? కన్నడంలో, తమిళంలో, ఒడియాలో ఆలోచన రాసుకోండి, తెలుగులోకి మార్చడానికి మేం కూర్చుంటాం. గబ్బిలం మీద ఎవరు రాసినా, పంపే ముందు ఒకసారి నాకు చదివి వినిపించండి.