లేబర్ ఆఫీస్ మన కోసమేనా? వందేళ్ల కథ, గుమ్మఘట్ట నుంచి బెంగళూరు దాకా

ఈరోజు టాపిక్ కార్మిక శాఖ. "మా ఊర్లో ఫ్యాక్టరీనే లేదు, మాకెందుకు బ్రో" అనుకోకండి.

మన గుమ్మఘట్ట సంగతి తెలుసు కదా. పక్కనే భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది, కానీ వేదవతి పారితేనే దాంట్లో నీళ్లు. వాన లేక వేరుశనగ ఎండిపోతే చాలామంది బ్యాగు సర్దుకుని బెంగళూరు పోతారు, బేల్దారి పనికి. అక్కడ మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఎవర్ని అడగాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఈ శాఖ ఎట్లా మారుతూ వచ్చిందో చూడాలి.

అప్పట్లో అనంతపురం మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేది. 1920 ప్రాంతంలో అక్కడ లేబర్ కమిషనర్ పోస్టు పెట్టారు. ఆయన మెయిన్ పని ఏంటో తెలుసా? ఊర్లలో భూమి లేని దళిత కూలీలకు ఇళ్ల స్థలాలు, తాగునీటి బావులు, బడులు! అవును, ఈ శాఖ ఫ్యాక్టరీ కంటే ముందు పల్లెను చూసింది.

తర్వాత ఫోకస్ మారింది. 1918లోనే మద్రాసులో మిల్లు కార్మికుల యూనియన్ పుట్టింది, సమ్మెలు పెరిగాయి. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947లో పారిశ్రామిక వివాదాల చట్టం, 1948లో కనీస వేతనాల చట్టం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966లో షాపుల చట్టం, దాని స్థానంలో 1988లో ఇంకో చట్టం. అంటే అంగట్లో పనిచేసే పిల్లోడి వారపు సెలవు, పని గంటలు కూడా ఈ శాఖ చూసే పనే.

ఇక మన మ్యాటర్. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మందిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలని ఆ చట్టం చెప్పింది. కానీ మనోళ్లు ఎట్లా పోతారు? బావమరిది ఫోన్ చేస్తాడు, వీళ్లు బస్సెక్కుతారు. కాంట్రాక్టర్ పిలుచుకుపోలేదు కాబట్టి ఆ చట్టంలోకి రాలేదు. మనిషి ఉన్నాడు, రికార్డులో లేడు. అసలు సమస్య ఇదే.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, 2007లో మన రాష్ట్రంలో సంక్షేమ బోర్డు వచ్చాయి. కట్టడం ఖర్చు మీద 1 శాతం సెస్ వసూలు చేసి, ఆ డబ్బు కార్మికులకు వాడాలి. రిజిస్టర్ కావాలంటే వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గత 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. నెలకో సైట్ మారే మనిషికి ఆ 90 రోజులు రాసిచ్చేదెవరు?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మనకు పనికొచ్చేవి మూడు చెప్తా. ఒకటి, సొంతంగా వలసపోయిన వాళ్లు కూడా ఇప్పుడు వలస కార్మికులే. కానీ ఆ నిబంధనలు పది మంది, అంతకు మించి ఉన్న చోటే. రెండు, నిర్మాణ కార్మికుడు రాష్ట్రం మారితే, పనిచేస్తున్న రాష్ట్రపు బోర్డే బాధ్యత తీసుకోవాలి. మూడు, కూలి బాకీ క్లెయిమ్ వేయడానికి 3 ఏళ్ల టైమ్ ఉంది. పాత కనీస వేతనాల చట్టంలో అది 6 నెలలే.

బాగున్నాయి కదా? కానీ ఆఫీస్‌లో మొదట అడిగేది సాక్ష్యం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు హాజరు సిస్టమే రాసుకునేది. మా ఊరి బేల్దారి అన్నకు ఆ సిస్టమ్ ఎవరు పెడతారు? మనమే పెట్టాలి. మీ నాయన, మీ అన్న పనికి పోతుంటే ఫోన్‌లో ఇవి నేర్పించండి: రోజూ సైట్‌లో ఒక ఫోటో, మేస్త్రీ పేరు, నంబర్, సైట్ అడ్రస్, పని చేసిన తేదీలు. కూలి వీలైనంత వరకు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయించుకోమనండి. ఫిర్యాదు మాత్రం పని జరిగిన చోటే, అంటే బెంగళూరు పని అయితే కర్ణాటక కార్మిక శాఖలో.

వందేళ్ల కింద ఆ శాఖ కూలోళ్లను వెతుక్కుంటూ పల్లెకొచ్చింది. ఇప్పుడు మనమే రికార్డు పట్టుకుని దాని దగ్గరకు పోవాలి. ఈ వీడియో బెంగళూరులో ఉన్న మీ వాళ్లకు ఈరోజే పంపండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.