లాప్‌టాప్ తెర: శుభ్రత, సంరక్షణము



నేటి ప్రసంగ విషయము చిన్నది. చేతిరుమాలంత గుడ్డతో ముగియు పని. అయినను దానిని సభకు తెచ్చుటకు కారణము కలదు. కలకత్తాలో కాపురముండు తెలుగు ఉద్యోగుల ఇండ్లలో లాప్‌టాప్ కేవలము కార్యాలయపు పరికరము కాదు. పగలు దానిమీద ఫైళ్లు నడచును. సాయంకాలము పిల్లల పాఠములు నడచును. రాత్రి భోజనములైన పిమ్మట రాజమహేంద్రవరముననో శ్రీకాకుళముననో ఉన్న మామ్మగారి ముఖము అందులో కనబడును. ఆ ముఖముమీద మచ్చ కనబడిన యెడల ఇల్లాలు ఊరకుండగలదా? చీరచెంగుతో గట్టిగా తుడుచును. పోకున్న, నోటి ఆవిరి పట్టి మరల తుడుచును. తెరకు వచ్చు కీడు దుమ్ముచేత వచ్చునది కొంత. ఈ శ్రద్ధచేత వచ్చునది అంతకంటె ఎక్కువ.

2020వ సంవత్సరమున మహమ్మారి వచ్చినప్పుడు ఇంటికి చేరిన ప్రతి వస్తువునకును శానిటైజరుతో అభిషేకము జరిగినది. పాలప్యాకెట్టు తట్టుకొన్నది. తాళపుచెవులు తట్టుకొన్నవి. లాప్‌టాప్ తెరలు కొన్ని తట్టుకొనలేదు. ఇల్లే కార్యాలయమై, ఇల్లే పాఠశాలయైన ఆ నెలలలో తెర మబ్బు పట్టుటయనగా తండ్రి పనియు, బిడ్డ చదువును ఒక్కసారి ఆగుటయే. దుకాణములు మూసియున్నవి, మార్పించుకొనుటకును దారి లేదు.

ఇట్లగుటకు మూలము ఒక పొరపాటు భావన. తెర మిలమిల మెరయుచుండుటచే జనులు దానిని అద్దమనుకొందురు. వ్రేలితో తాకి నడుపు తెరలకును, మరికొన్ని ఖరీదైన వానికిని పైన గాజు ఉండుమాట నిజమే. కాని మెరుపు తక్కువగానుండు సామాన్యపు లాప్‌టాప్‌లలో కంటికి ఎదురుగానుండునది పలుచని ప్లాస్టిక్ పొర. దానిపై వెలుతురు తళుక్కుమనకుండ అతి సూక్ష్మమైన పూత. దాని వెనుకనే గాజుపలకలు రెండు. వాని నడుమ, వెంట్రుకమందములో పదవవంతుకంటెను తక్కువ జాగాలో, ద్రవస్ఫటికము.

ఆ పై పొర పని యేమి? వెలుతురు అలలుగా నడచును. ఆ అలలు నానా దిక్కులకును ఊగుచుండును. నిలువు ఊచల కిటికీలోనుండి నిలువుగా పట్టిన తాటాకు దూరును, అడ్డముగా పట్టినది దూరదు. అట్లే ఈ పొర ఒక్క దిక్కున ఊగు వెలుతురునే పోనిచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని ధ్రువణమందురు. తెరకు ముందొకటి, వెనుకనొకటి, ఇట్టి పొరలు రెండుండును. నడుమనున్న ద్రవస్ఫటికము విద్యుచ్ఛక్తికి లోబడి వెలుతురు ఊపును మార్చుచు, ఒకచోట దానిని పోనిచ్చును, ఒకచోట ఆపును. ఆ వెలుగు నీడలే అక్షరములు, ఆ వెలుగు నీడలే మామ్మగారి ముఖము. పోలరాయిడ్ చలువ కళ్లద్దములు కలవారు వానిని తెర ముందుంచి మెల్లగా త్రిప్పిచూడవచ్చును. ఒక కోణమున తెర నల్లబడును. పిల్లలకు చూపదగిన వినోదము.

ఈ ధ్రువణపు పొరను సాధారణముగా పాలివినైల్ ఆల్కహాల్ అను పదార్థమును సాగదీసి, అయొడిన్ పట్టించి చేయుదురు. ఈ పదార్థమునకు నీరు గిట్టదు. అందుచే ఇరుప్రక్కల రక్షణగా వేరు పొరలు అతికింతురు. తేమయు వేడియు కలసి చిరకాలము పట్టిన యెడల ఆ రక్షణయు క్రమముగా సడలును. తేమయు వేడియు అన్నప్పుడు వేరే ఉదాహరణ వలదు. జూలై మాసపు కలకత్తాయే చాలును.

ఈ సందర్భమున ఒక ముచ్చట. ద్రవస్ఫటికమును తొలుత గుర్తించినవాడు ప్రేగ్ నగరమందలి రైనిట్జరను వృక్షశాస్త్రజ్ఞుడు, 1888వ సంవత్సరమున. క్యారెట్ దుంపలనుండి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన ఒక పదార్థము ఒక వేడిమియొద్ద కరగి మబ్బుగానుండి, మరింత వేడిమియొద్ద మాత్రమే నిర్మలమగుట ఆయన చూచెను. ఇది ఎక్కడి కథయో అనుకొనవలదు. 1907లో ఈ నగరమునకు ఆర్థికశాఖలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా వచ్చి, పగలు లెక్కలు చూచుచు, ఉదయ సాయంకాలములు బౌబజారు వీథిలోని విజ్ఞానసంఘమున వెలుతురుతో ప్రయోగములు చేసిన ఉద్యోగిని ఎరుగనివారుండరు. ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది. 1930లో ఆ చంద్రశేఖర వేంకటరామన్‌గారికి నోబెల్ బహుమానము వచ్చినది. అదే సంవత్సరము ఆగష్టులో, ఇదే కలకత్తాలో, ఆయన సోదరికి ఒక కుమారుడు జన్మించెను. ఆయనయే శివరామకృష్ణ చంద్రశేఖర్. తరువాత బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున, 1977లో, నాణెములవలె బల్లపరుపైన అణువులు దొంతరలుగా పేరుకొని ద్రవస్ఫటికములగునని ఆయనయు సహచరులును లోకమునకు చూపిరి. ప్రక్కనుండి చూచినను బొమ్మ చెడకుండుటకై తెరలలో అమర్చు పొరలకు అట్టి అణువులు తరువాత ఉపయోగపడినవి. ఆయన తమ్ముడు పంచరత్నం ధ్రువణ కాంతిపై చేసిన పని నేటికిని ఆయన పేరిట నిలిచియున్నది; ఆయనయు కలకత్తాలో పుట్టినవాడే. లెక్కల శాఖలో పనిచేయువారు తెర తుడుచునప్పుడు ఈ కుటుంబమును ఒకసారి తలచుకొనిన తప్పులేదు.

ఇక తుడుచు విధము. ముందు యంత్రమును ఆపి, చార్జరు తీసి, చల్లారనీయవలెను. నల్లని తెరమీద దుమ్ము తేటగా కనబడును. ఆ దుమ్మును మొదట మెత్తని కుంచెతో మెల్లగా దులిపివేయవలెను. ఇది మానరాదు. చైత్రవైశాఖములలో కాలవైశాఖి గాలి తెచ్చు ధూళియందు ఇసుకరేణువులుండును. వానిని తొలగింపక గుడ్డతో రుద్దుట గరుకుకాగితముతో రుద్దుటయే. పిమ్మట పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, బలము పెట్టక, పైనుండి క్రిందికి తుడువవలెను. కళ్లద్దముల పెట్టెలోనుండు గుడ్డ శుభ్రముగానున్న చాలును. పలుమారు దీనితోనే పని ముగియును.

వ్రేలిముద్రలు, జిడ్డు పోనియెడల గుడ్డ కొనను స్వేదనజలముతో కొద్దిగా తడుపవలెను. తడుపవలసినది గుడ్డను, తెరను కాదు. తెరమీద చిమ్మిన నీరు క్రింది అంచునకు జారి లోపలికి దిగును. తెరను నడుపు సున్నితపు సర్క్యూట్లు ఎక్కువగా ఆ ప్రక్కనే యుండును. కుళాయినీరు, గొట్టపుబావి నీరు ఆరినచోట ఉప్పు తెల్లగా మిగులును. తుడిచిన తరువాత పూర్తిగా ఆరనిచ్చి గాని మీట నొక్కరాదు.

వలదన్నవి కొన్ని. అలమార అద్దమునకు వాడు అమోనియా ద్రవము, గోళ్లరంగు తీయు అసిటోన్, బ్లీచింగు నీరు దగ్గరకు రానీయరాదు. చేతుల శానిటైజరులో ఆల్కహాలుతోపాటు గ్లిసరిన్ వంటివి కలియుటచే మరకలు కట్టును. కొందరు తయారీదారులు తమ తెరలకు 70 శాతపు ఐసోప్రొపైల్ ఆల్కహాలును అనుమతించిరి. అది యెవరి యంత్రమునకు వారి పుస్తకము చూచి చేయవలసిన పని. ఇత్తడి కుందులు తోమిన చేతికి బలమే ప్రధానము. ఇచ్చట అదే శత్రువు. పాతపంచె ముక్క, ఎర్రగళ్ల గామ్‌ఛా, వార్తాపత్రిక, కాగితపు రుమాలు, ఇవన్నియు ఈ పనికి గరుకే.

తెర పగులుటకు కారణములు వేరు. మీటలమీద పెన్నో, చెవిలో పెట్టుకొను తీగయో మరచి మూత వేయుట మొదటిది. కెమెరాకు బిళ్ల అతికించి మూయుటయు అట్టిదే. దానివలన తెర పగులవచ్చునని ఆపిల్ సంస్థ 2020లో హెచ్చరించినది. మూతను ఒక మూల పట్టి ఎత్తుట మరియొకటి. నడుమ పట్టి ఎత్తవలెను. మెట్రోరైలు రద్దీలో సంచి వీపునకు వ్రేలాడుచుండగా, లోపల లాప్‌టాప్ ప్రక్కనే స్టీలు టిఫిను డబ్బా కూర్చుండును. వెనుకవాడు ఒరిగినప్పుడు ఆ డబ్బా అంచు సూటిగా తెర వెనుకనే నొక్కును. పప్పుచారు సంగతి చెప్పనక్కరలేదు. డబ్బాకు వేరే సంచి ఉండుట మేలు.

తెరపై అతికించు రక్షణ పొరలు మంచివే గాని, కొన్ని లాప్‌టాప్‌ల మూతకును మీటలకును నడుమ కాగితమంత సందైనను ఉండదు. అట్టివానికి పొర మందమైన, మూత మూసినప్పుడెల్ల తెర నొక్కుకొనును. కొనుటకు ముందు సందు చూచుకొనవలెను.

వానకాలమున కలకత్తాలో గాలితేమ నూటికి ఎనభై పాళ్లు దాటుట సామాన్యము. యంత్రమును వారములకొలది బీరువాలో మూసియుంచరాదు. రోజూ కొంతసేపు నడచిన, దాని వేడియే దానిని ఆరబెట్టును. పూజాసెలవులకు స్వగ్రామము పోవువారు ఇంటనే విడిచి వెళ్లదలచిన, సిలికాజెల్ పొట్లములు రెండు సంచిలో వేసి వెళ్లవలెను. వెంట తీసికొనిపోవువారు మరియొక సంగతి గమనింపవలెను. చల్లని ఏ.సి. పెట్టెలో రాత్రియంత ఉన్న యంత్రమును విశాఖలో దిగగానే సముద్రపుగాలిలో తెరచిన, మంచినీటి గ్లాసునకు పట్టినట్లు దానికి చెమ్మ పట్టును. ఇంటికి చేరి, అరగంటసేపు సంచిలోనే ఉంచి, ఆ తరువాత తెరవవలెను. మామ్మగారు అప్పటికి ఎదురుగానే కూర్చుండియుందురు గనుక, ఆ అరగంటలో తెరతో పనియు ఉండదు.