పూర్వీకుడి రుజువు, పక్కన కుర్చీ



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ తల్లి, పాత పద్దుపుస్తకం చివరి పేజీల్లో తమ వంశవృక్షం రాసి దాచుకున్నారట. అందులో ఆడపిల్లల పేర్లూ, వారి పిల్లల పేర్లూ ఉన్నాయని కుటుంబసభ్యులు చెప్పారు. అది విన్నాకే, పూర్వీకుల పేర్లు కాపాడిన ఒక మహిళా సంఘం కథను ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నాను.

అమెరికా స్వాతంత్ర్య సమరయోధుల వంశీకులైన మగవారు 1889లో ఒక సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఆడవారికి అందులో చోటు లేదని తీర్మానించారు. రచయిత్రి మేరీ లాక్‌వుడ్ ఊరుకోలేదు. 1890 జూలై 13న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో హానా ఆర్నెట్ కథ రాశారు. న్యూజెర్సీలో మగవాళ్లు బ్రిటిష్‌వారికి లొంగిపోదామని మంతనాలాడుతుంటే, ఆ గదిలోకి వెళ్లి నిలదీసిన ఇల్లాలు హానా. అక్టోబరు 11న ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ పుట్టింది.

దీని బలమంతా ఊరూరా ఉన్న శాఖల్లో ఉంది. సమాధులు వెతికి గుర్తులు పెట్టడం, రాళ్లమీద చెరిగిపోతున్న అక్షరాలను ఎత్తిరాయడం, ఇంటి బైబిళ్లలో రాసి ఉంచిన పుట్టుకలూ పెళ్లిళ్లూ నకలు తీయడం వారి పని. ఆ స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసినవారి వితంతువులు పింఛను కోసం, పెళ్లికి రుజువుగా, బైబిలు పేజీలే చింపి సర్కారుకు పంపారు. ఆ కాగితాలను తలచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది. మనం తర్పణాల్లో మూడు తరాల పేర్లు తలుస్తాం. అక్కడ సభ్యత్వం కోరే స్త్రీ తననుంచి ఆ సమరయోధుడి దాకా ఒక్కో తరానికీ ఆధారం చూపాలి. తల్లివైపు నుంచైనా సరే, తండ్రివైపు నుంచైనా సరే. ఈ నియమం నాకెంతో నచ్చింది.

ఇంత శ్రద్ధగా పేర్లు కాపాడినవారే 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు తమ కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వలేదు. దానికి నిరసనగా అప్పటి అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేశారు. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్లమీద ఆండర్సన్ పాడితే 75,000 మంది విన్నారు. ఈ సంగతి లోకమంతా ఎరుగును. నన్ను ఎక్కువగా ఆపింది మరో స్త్రీ కథ.

లీనా శాంటోస్ ఫెర్గూసన్ వాషింగ్టన్‌లో ఒక పాఠశాల కార్యదర్శి, నల్లజాతి మహిళ. ఆమె పూర్వీకుల్లో మెయిన్ రాష్ట్రానికి చెందిన జోనా గే అనే శ్వేతజాతి దేశభక్తుడున్నాడు. 1980లో ఆమె ఆ సంఘంలో చేరాలనుకున్నారు. రుజువులకు కొదవ లేదు. కానీ శాఖలో అడుగుపెట్టాలంటే అక్కడి సభ్యురాళ్ల సమ్మతి కావాలి. అది దొరకలేదు. 1983లో ఏ శాఖకూ చెందని సభ్యురాలిగా మాత్రం తీసుకున్నారు. రక్తసంబంధాన్ని కాగితం మీద ఒప్పుకొని, పక్కన కుర్చీ వేయకపోవడమంటే ఇదే. దీన్ని చిన్న పొరపాటు అనడానికి నాకు నోరు రాదు. తమను గడప బయట నిలబెట్టారన్న పౌరుషంతో పుట్టిన సంఘం అది.

ఫెర్గూసన్ వెనక్కి తగ్గలేదు. విషయం పత్రికకెక్కింది, న్యాయవాదులు కలగజేసుకున్నారు. 1984లో ఒప్పందం కుదిరింది. అందులో ఆమె తనకోసం మాత్రమే అడగలేదు. ఆ యుద్ధంలో పోరాడిన నల్లవారిని వెతికి గుర్తించాలన్నది అందులో ఒక షరతు. సైనికుల జాబితాల్లో ఒంటి పేరుతోనో, పేరు పక్కన రంగు సూచించే ఒక్క మాటతోనో మిగిలినవారిని వెతకడం మొదలైంది. బానిసగా పుట్టినవాడికి ఇంటి బైబిలు ఎక్కడిది? పెళ్లి రాతకోతలు ఎక్కడివి? వంశం నిరూపించే కాగితాన్నే ముందుగా లాక్కున్నారు కదా.

2008లో ఆ సంఘమే ‘ఫర్గాటెన్ పేట్రియట్స్’ అనే పెద్ద గ్రంథం వెలువరించింది. నల్లవారూ, అమెరికా ఆదివాసులూ కలిపి 6,600కు పైగా పేర్లున్నాయి అందులో. ఫెర్గూసన్ 2004లోనే కన్నుమూశారు. ఇవాళ అక్కడ ఏ నల్లజాతి యువతైనా తన ముత్తాత తాత పేరు వెతకడం మొదలుపెడితే, ముందుగా తెరిచే పుస్తకాల్లో అదొకటి.