గీత నల్లబడిందని రిజైన్ చేయొద్దు

 

పోయిన శనివారం మా అబ్బాయి చెస్ టోర్నమెంటులో ఓడిపోయి వచ్చాడు. తెల్లపావులతో ఆడిన ఆ గేమ్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. పక్కనున్న గీత పూర్తిగా నల్లబడింది. "చూడు నాన్నా, ఇక్కడే అయిపోయింది. ఇంకో గంట ఎందుకు ఆడానో! రిజైన్ చేయాల్సింది" అన్నాడు. వాడు ఓడిపోయినందుకు కాదు గానీ, ఈ మాటకి నాకు గుచ్చుకుంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ప్రోగ్రామునే పరీక్ష పెట్టాం.

ఇది కొత్త పనేం కాదు. 1982లో బ్రాట్కో, కోపెక్ అనే ఇద్దరు 24 కష్టమైన పొజిషన్లతో ఒక పరీక్ష ప్రచురించారు. కొన్నిట్లో ఎత్తు లెక్కపెడితే దొరుకుతుంది. కొన్నిట్లో సరైన బంటుని తొయ్యాలి, దానికి ప్లాన్ అర్థం కావాలి.

మేం పెట్టింది 2017లో పెన్‌రోజ్ అనే శాస్త్రవేత్త పేరుతో వచ్చిన పొజిషన్. తెల్లవైపు రాజు, నాలుగు బంట్లు. అంతే. నల్లవైపు క్వీన్, రెండు రూక్‌లు, మూడు బిషప్‌లు. అప్పటి ప్రోగ్రాములు నల్లదే గెలుపని పెద్ద నంబరు చూపించాయి. కానీ క్వీన్, రూక్‌లు బంట్ల వెనక ఇరుక్కుపోయాయి. మూడు బిషప్‌లూ నల్లగళ్లలోనే తిరుగుతాయి. తెల్లరాజు తెల్లగళ్లలో నడుస్తూ ఉంటే చాలు, డ్రా. మావాడు రెండు నిమిషాల్లో కనిపెట్టి "అరె, లోపలికి ఎవరూ రాలేరు కదా!" అన్నాడు.

అప్పుడు వాడికి న్యూయార్క్ కథ చెప్పాను. 1997 మే 4, కాస్పరోవ్, డీప్ బ్లూల రెండో గేమ్. ఆ యంత్రం సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసేది. కాస్పరోవ్ ఇక లాభం లేదని రిజైన్ చేశాడు. తీరా చూస్తే, వరసగా చెక్‌లిస్తూ డ్రా చేసుకునే దారి ఉందని విశ్లేషకులు చూపించారు. ఆ దారి తెరిచిపెట్టింది యంత్రమే. అదంత తప్పు చేయదని నమ్మి ఆయన వెతకలేదు. ఆ మ్యాచ్ చివరికి ఒక్క పాయింటు తేడాతో పోయింది, 3.5–2.5.

నంబరంటే అది చూసినంత మేరకి వేసిన లెక్క, తీర్పు కాదు. మీ పిల్లలు ఇంజన్ పెట్టుకుంటే ఒకటి చెప్పండి. ముందు తమ ఎత్తు కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాతే ఇంజన్ ఆన్ చేయాలి. పెద్ద నంబరు చూపిస్తే అక్కణ్నుంచి ఇంకో ఇరవై ఎత్తులు ఆడించి చూడాలి. నంబరు అలాగే ఉండి బోర్డు మీద ఏమీ మారకపోతే, ఆ గెలుపు నిజమో కాదో అనుమానించాల్సిందే.

మావాడు తన గేమ్ మళ్లీ పెట్టాడు. డ్రా దొరకలేదు. నిజంగానే ఓడిన పొజిషన్ అది. కానీ ఆ సంగతి ఈసారి వాడే తేల్చుకున్నాడు.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.