రాణిబొమ్మ రూపాయిని తోమాలా, వద్దా?

(పోర్ట్ బ్లెయిర్‌లో సిబ్బంది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యక్రమ పత్రంలో 'పాత నాణేల విలువ' అని వేశారు. విలువ కట్టడానికి నేను వ్యాపారిని కాను. ఇరవై ఏళ్లుగా నాణేలు పోగుచేస్తున్నవాణ్ణి, అంతే. నాణెం ఏ స్థితిలో ఉందో ఎలా చూడాలో మాత్రం చెప్పగలను.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు తరాలుగా జంగ్లీఘాట్‌లో ఉంటున్న ఒక కుటుంబం ఆమధ్య నాలుగు వెండి రూపాయలు తెచ్చింది. నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికినవి. నాలుగింటి మీదా 1862 అనే ఉంది. మూడు నల్లగా ఉన్నాయి, ఒకటి తళతళలాడుతోంది. ముగ్గురు అన్నలూ ఆ మెరిసేదాన్ని చెల్లెలికిచ్చి, తలా ఒక నల్లది తీసుకోవాలనుకున్నారు. "పంపకం సరిగ్గానే ఉందా సార్?" అని అడిగారు.

ముందు ఆ సంవత్సరం సంగతి. 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే ముద్రించారని కాదు. 1874 దాకా అదే సంవత్సరం వేస్తూ వచ్చారు. అందుకే ఇవి లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. పాతది గనుక అరుదైనదే అనుకోకూడదు. (అరుదైనది కావాలంటే మన దీవుల్లోని ఖైదీల వలస కోసం 1861లో చేసిన రాగి రూపాయి టోకెన్‌ను వెతకండి!)

నాణేన్ని అంచులతో పట్టుకుని, ఒకే బల్బు కింద మెల్లగా అటూ ఇటూ వంచి చూడాలి. ఎత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి. బొమ్మ వైపు చెవి దగ్గరి జుట్టు, కిరీటం, గౌను మీది అల్లిక చూడాలి. జుట్టు పాయలు విడివిడిగా తెలిస్తే ఎక్స్‌ట్రా ఫైన్. కొంత కలిసిపోయినా అల్లిక తెలుస్తుంటే వెరీ ఫైన్. ముద్దగా మారి రూపురేఖలే మిగిలితే ఫైన్. చెలామణిలో అసలు అరగనిది అన్‌సర్క్యులేటెడ్. ఒక చిక్కుంది. అచ్చు సరిగ్గా పడకపోయినా జుట్టు పలచగానే కనిపిస్తుంది. అప్పుడు అక్కడ కూడా టంకశాల మెరుపు ఉంటుంది. అరిగిన చోట అది ఉండదు.

ఆ నల్లవాటిలో రెండు వెరీ ఫైన్, ఒకటి అంతకంటే మెరుగు. మెరిసేదాన్ని వంచగానే రాణి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు వందలు కనిపించాయి. నాయనమ్మ ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే రూపాయి అదేనట. చింతపండుతో, విభూతితో తోమేవారట. కొనేవాళ్లు నాలుగింటిలో తక్కువ ధర కట్టేది దానికే. ఆ మాటే చెప్పాను.

పెద్దన్నయ్య వెంటనే తన రూపాయి ముందుకు జరిపాడు. "వద్దన్నయ్యా, పూజ రూపాయి నాకే ఉండనీ" అంది ఆ అమ్మాయి.

వెండి మీది నలుపు మురికి కాదమ్మా. గాలిలోని గంధకంతో ఆ నాణెం వెండే కలిసి ఏర్పడిన పొర. దాన్ని తీసేస్తే కొంత వెండి కూడా పోతుంది. తోమితే పడే గీతలు ఇక మానవు. టూత్‌పేస్టూ అంతే, కంసాలి మెరుగూ అంతే. నూనె జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, వంటింట్లో తెరవకండి.

మన ఉప్పుగాలికి వెండికన్నా రాగికే ప్రమాదం. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చండి.

ఇంకొక మాట. పాత నాణేలకు లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టండి అంటూ రిజర్వ్ బ్యాంకు పేరుతో ఫోన్లు వస్తుంటాయి. రిజర్వ్ బ్యాంకు అలాంటి లావాదేవీలు చేయదని 2021 ఆగస్టులోనే ప్రకటించింది. వందేళ్లు దాటిన నాణేలను 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం సొంతంగా విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు అడిగితే ఫొటో పంపండి.

నాణేలు తెచ్చినవాళ్లు టీ అయ్యాక ఆ కిటికీ దగ్గరికి రండి, చూద్దాం.