చెడిన వస్తువు, చేతిలోని రసీదు
(డిసెంబరు 24వ తేదీన మన పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



నేడు జాతీయ వినియోగదారుల దినోత్సవము. 1986వ సంవత్సరమున ఈ తేదీననే మన దేశపు మొదటి వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించెను. దాని స్థానమున 2019 సంవత్సరపు చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలునకు వచ్చెను. మేము న్యాయవాదులము కాము గనుక, మన పాఠశాలలో జరిగిన సంగతి ఒక్కటి మనవి చేసికొందుము.

గత జూలైలో పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠములకై చందాలు పోగుచేసి ఒక ప్రొజెక్టరు కొంటిమి. మూడవ వారముననే అది వెలిగిన పది నిమిషములకు ఆరిపోవ నారంభించెను. అంగడివారు, "కంపెనీవారిని అడుగుడు" అనిరి. కంపెనీకి ఫోను చేయగా, ఇంగ్లీషునకు ఒకటి, హిందీకి రెండు నొక్కుడని ఒక యంత్రము పలికెను. తెలుగు మాట అటుండగా, బరంపురమువారికి ఒడియా సైతము లేదు. పిమ్మట సంగీతము. అది మాకు నేటికిని కంఠస్థమే. ఎట్టకేలకు ఒక ఫిర్యాదు సంఖ్య నిచ్చిరి. పిలిచినప్పుడెల్ల వేరొకరు పలుకుదురు. కథ మొదటినుండి చెప్పవలెను. తొమ్మిదవ దినమున మెకానిక్కు వచ్చి, ఫొటో తీసికొని పోయెను. ఆ సాయంకాలమే "మీ సమస్య పరిష్కరింపబడినది" అని సందేశము వచ్చెను! ప్రొజెక్టరు మాత్రము వెలుగలేదు. పిమ్మట భువనేశ్వరము పంపుడనిరి. నెల దాటిన పిదప బదులుగా వచ్చినదానికి మూతనిండ గీతలు. ఎవరో వాడినదేయని మా అటెండరు చూచినంతనే చెప్పెను. అదియును నాలుగు దినములకే ఆరిపోయెను.

ఫోనులో మాటాడిన ఉద్యోగులపై మాకు కోపము లేదు. యెదుట వ్రాసియున్న వాక్యములకు మించి పలుక వారికి అధికారమెక్కడిది? వస్తువు బాగుపడెనా అని గాక, ఫిర్యాదు మూయబడెనా అని చూచు పద్ధతియే తప్పని మా అభిప్రాయము.

రసీదు, వారంటీ కార్డు, ఫోను చేసిన తేదీలు, ఆ సందేశపు ప్రతి జతపరచి, పదునైదు దినములలో సొమ్ము తిరిగి యీయవలెనని అంగడికిని కంపెనీకిని స్పీడుపోస్టులో లేఖలు పంపితిమి. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము నంబరు 1915నకును ఫోను చేసితిమి. అచ్చట తెలుగులోనే చెప్పుకొనవచ్చును. పండ్రెండవ దినమున సొమ్మంతయు వచ్చినది. కాని అప్పటికి పిల్లలు కాంతి పాఠమును నల్లబల్లమీది బొమ్మలతోనే ముగించిరి.

మాకు బాధ కలిగించిన సంగతి వేరొకటి కలదు. పట్టునేత పనిచేయు ఒక తండ్రి బిడ్డ చదువునకై వాయిదాలపై ఫోను కొనెను. అది చెడిపోయినను వాయిదా కట్టుచునే యున్నాడు. "వారి భాష రాక ఊరకుంటినయ్యా" అనెను. అట్టివారు వినవలెను: కంపెనీ ఏ నగరమున నున్నను, కొత్త చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. మన గంజాం జిల్లా కమిషను ఈ ఊరనే కలదు. రెండేండ్లలోపల వేయవలెను. ఐదు లక్షల వరకు వెలగల వస్తువునకు రుసుము లేదు. వకీలు లేకున్నను వాదించుకొనవచ్చును.

ఇకమీదట ప్రతి శనివారము సాయంకాలము మా కార్యాలయములో ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చుందురు. రసీదు తెండు, తేదీలు చెప్పుడు. మీరు తెలుగులో చెప్పినది ఒడియాలోగాని ఇంగ్లీషులోగాని వ్రాసి యిత్తుము. ఆ నేతగాని రసీదు నిన్న మాకు అందినది. అతని లేఖ ఈ వారములోనే పోస్టు చేయుచున్నాము.